మిగులు గుడ్డ – కాయక ధర్మము



మన ఇండ్లలో అన్నిటికన్న గౌరవముతో చూడబడు వస్త్రమేది? పెండ్లినాటి పట్టుచీర కాదు. మఠమునకు పోవునాడు ధరించు జరీ ధోవతియు కాదు. ఇష్టలింగమును చుట్టి గుండెలపై కట్టుకొను లింగవస్త్రమే ఆ గౌరవమునకు పాత్రమైనది. అది జానెడు గుడ్డ. వెండికాయ చేయించుకొనలేని బీదభక్తుడు ఆ జానెడు గుడ్డలోనే పరమశివుని ధరించి జీవితమంతయు గడుపుచున్నాడు. అది ఏ థానులోనిది, ఎంత ధర పెట్టి కొన్నది అని అడుగువారు లేరు. శుభ్రముగా నున్నదా, చిరుగు లేక యున్నదా అని మాత్రమే చూచెదము. దేవునకు చాలిన కొలత మనకు చాలదని పారవేయుట ఏమి న్యాయము?

నేటి ప్రసంగమునకు విషయము ఈ మిగులు గుడ్డయే. దర్జీ కత్తెర క్రింద రాలిన ముక్కలు, థాను చివర మిగిలిన కట్‌పీసులు, పెట్టె అడుగున మడతలు విప్పక పడియున్న రవికెల గుడ్డలు – వీనితో బట్టలు కుట్టుట. విషయము చిన్నదని తలపవలదు. కాయకమునందే కైలాసమును చూడుమని బోధించిన బసవేశ్వరుని మార్గమున చిన్నపని యనునది లేదు. శ్రద్ధతో చేసిన పని, శ్రద్ధ లేక చేసిన పని అను రెండే గలవు.

ముందుగా ఒక లెక్క చూతము. మన ఉత్తరాంధ్రమున పొందూరు ఖద్దరును ఎరుగనివారు అరుదు. అచ్చట పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, గింజ తీసి, ఏకి, ఏకులు చేసి, రాట్నముపై 100 కౌంటు నూలు వడకుదురు. ఈ పనులలో స్త్రీల చేతులే ఎక్కువ. 100 కౌంటు నూలనగా ఒక పౌను బరువునకు, అనగా సుమారు 454 గ్రాములకు, 84,000 గజముల పోగు. ఆ లెక్కన ఆ నూలుతో నేసిన గుడ్డలో పది గ్రాముల పీలిక చిరిగి పడినను దానిలో 1,800 గజములకు మించిన పోగు, అనగా మైలుకు పైబడిన పోగు ఉండును. ఒక తల్లి రాట్నము ముందు కూర్చుండి మైలు దూరము తీసిన దారమును మనము చీపురుతో ఊడ్చి పెంటపై వేయుచున్నాము. గుడ్డముక్కను పారవేయుట గుడ్డను పారవేయుట కాదు, ఒకరి కాయకమును పారవేయుట. నూలు ముతకదైనను మరబట్టయైనను న్యాయము ఇదియే. ఆ పత్తికి పోసిన నీరు ఎంతయో తలపుడు: ఒక నూలు చొక్కాకు కావలసిన పత్తి పండుటకే సుమారు 2,700 లీటర్ల నీరు పట్టునని అంచనా.

ఇక పురాణమునకు వత్తము. పాల్కురికి సోమనాథ మహాకవి ద్విపదలో రచించిన బసవపురాణమున దేడర దాసయ్య కథ గలదు. కన్నడ దేశమున ఆయననే జేడర దాసిమయ్య యందురు. ఆయన కాయకము నేత. ఎంతో కాలము శ్రమించి నేసిన వస్త్రమును శివుడు జంగమరూపమున వచ్చి యాచించెను. దాసయ్య సంతోషముతో సమర్పించెను. ఆ జంగముడు దానిని దాసయ్య కన్నుల యెదుటనే ముక్కలు ముక్కలుగా చించెను. దాసయ్య ముఖమున విచారము లేదు, కోపము లేదు. అప్పుడు శివుడు మెచ్చి ఎన్నడును తరుగని ధాన్యనిధిని, తవనిధిని, ప్రసాదించెను.

దాసయ్య ఏల కోపింపలేదు? అర్పించిన పిమ్మట అది ఆయన వస్త్రము కాదు గనుక. నిండు వస్త్రముగా నున్నప్పుడు శివునిదైనది ముక్కలైనప్పుడు శివునిది కాకపోదు. గుడ్డ విలువ దాని పొడవులో లేదు, అర్పణలో నున్నది. అయితే ఈ కథ విని మనమును గుడ్డలు చించి పారవేయవచ్చునని తలపరాదు. చించుట శివునకు చెల్లును. అతుకుట మన పని.

రెండవ కథ ఆయ్దక్కి లక్కమ్మది. ఆమె భర్త మారయ్య కాయకము, బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట. ఆ గింజలతోనే ఆ దంపతులు జంగమ దాసోహము నడిపిరి. ఒకనాడు మారయ్య నిత్యముకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. మనకు కావలసినదానికన్న అధికముగా తెచ్చుట ఆశయే గాని భక్తి కాదని చెప్పి, ఆ అధికమును తెచ్చినచోటనే పోసిరమ్మని భర్తను పంపెను. రాలినది ఏరుకొనుట కాయకము; రాలినదను పేరిట కూడబెట్టుకొనుట లోభము. ఈ రెంటి నడుమనున్న సన్నని గీతను లక్కమ్మ మనకు చూపినది.

ఈ గీత కుట్టుపనిలో ఎచ్చట వచ్చునో చూడుడు. మన కొత్తవలస వంటి ఊరిలో దర్జీ అంగడి యొద్ద కొంతసేపు నిలువుడు. చొక్కాకు ఒకరు రెండున్నర మీటర్ల గుడ్డ ఇత్తురు. నేర్పుగల దర్జీ కాగితము వలె గుడ్డను పరచి, చేతులను, కాలరును అడ్డముగా నిలువుగా సర్ది కత్తిరించినచో అరమీటరు మిగులవచ్చును. ఆ అరమీటరు ఎవరిది? ఇచ్చినవారు అడుగరు, కుట్టినవారు చెప్పరు. అడుగనందున అది దర్జీది కాదు. కల్యాణపు శరణులలో సూదికాయకపు రామితండ్రి అను మహనీయుడు గలడు. సూది ఆయన పేరులోనే చేరినది. ఆ పరంపరలోని వాడనని తలచు దర్జీ, మిగిలిన ముక్కను చొక్కా మడతలో పెట్టి, “ఇది మీ గుడ్డలో మిగిలినది” అని చెప్పి ఇయ్యవలెను. వారు “నీవే ఉంచుకొమ్ము” అన్నచో అప్పుడు అది ప్రసాదము. అనక ముందు తీసికొన్నచో అది దొంగసొత్తు, ఎంత చిన్న ముక్కయైనను.

ఇచ్చువారికిని ధర్మము గలదు. కుట్టుకూలిలో పది రూపాయలు తగ్గింపుమని వేడి, పైగా ముక్క ఎక్కడ అని గద్దించుట శరణుల మర్యాద కాదు. కూలి నిండుగా ఇయ్యవలెను. మిగులును ప్రేమతో విడువవలెను. ఇరువురి మనస్సును శుద్ధముగా నున్నచో అరమీటరు గుడ్డ ఇద్దరికిని పుణ్యమును కుట్టిపెట్టును.

తల్లులారా! ఇప్పుడు మీ పెట్టెల సంగతి. పేరంటమునకు వచ్చిన ముత్తైదువకు పసుపు కుంకుమలతో రవికెల గుడ్డ పెట్టుట మన ప్రాంతమున ఆచారము. ఆ గుడ్డ ఎనుబది సెంటీమీటర్లో, మీటరో ఉండును. పెట్టినామె దానిని కుట్టించుకొనలేదు, పుచ్చుకొన్నామెయు కుట్టించుకొనదు. మడత విప్పకుండ వేరొక పేరంటమున ఇంకొకరి ఒడిలో వేయును. ఇట్లు ఒక గుడ్డ ఊరంతయు తిరిగి, ఒక్కొక్కప్పుడు మొదట పెట్టిన ఇల్లాలి ఒడికే చేరును! గౌరవము చేతులు మారినది గాని ఎవరి ఒంటికిని బట్ట కాలేదు. మరియొక మాట. ఆ వరుసలో వితంతువునకు గుడ్డ పెట్టరు. లింగధారికి సూతకములు లేవని చెప్పుకొను మనము, లింగమును ధరించిన సోదరిని పసుపుబట్ట యొద్ద వేరుచేయుట ఏ శరణుడు నేర్పిన ధర్మము? ఆలోచింపుడు.

ఆ గుడ్డలు రెండున్నచో రెండేండ్ల బిడ్డకు చక్కని గౌను అగును: ఒకటి పైభాగమునకు, రెండవది కుచ్చుల పావడకు. మూడున్నచో చేతులు, అంచులును అమరును. అయితే పనిని పనివలె చేయవలెను. మొదట గుడ్డలన్నిటిని నీట నానబెట్టి ఆరవేయవలెను. రంగు దిగునది, ముడుచుకొనునది అప్పుడే తెలియును. నూలును నూలుతోను, నైలానును నైలానుతోను జతపరుపవలెను. ప్రతి ముక్కలోను పడుగు పోగు ఎటున్నదో చూచి, అన్నిటిని ఒకే దిక్కుగా నిలుపవలెను; లేనిచో ఉతికిన పిమ్మట బట్ట మెలితిరిగిపోవును. పెద్ద ముక్కలు ముందు వెనుక భాగములకు, చిన్నవి జేబునకు, కాలరునకు, అంచునకు ఉపయోగింపవలెను. మరీ చిన్నవానిని అతికి పట్టీలుగాను, పట్టీలను జోడించి నిండుగుడ్డగాను చేయవచ్చును. లోపల మెత్తని పాత ధోవతి గుడ్డను పొరగా వేసినచో కుట్లు పసిబిడ్డ ఒంటికి గీసుకొనవు. దేనికిని పనికిరాని పీలికలు దిండులోనికి పోవును. పాతచీరలను పొరలుగా పరచి, పైన ముక్కలు అమర్చి, దబ్బనముతో కుట్టిన బొంత మన పెద్దలకు తెలియనిది కాదు. బసవేశ్వరుడు నడయాడిన ఉత్తర కర్ణాటకమున దీనినే కౌది యందురు. అమ్మమ్మ చీర మనుమరాలి చలికి కప్పగుచున్నది.

ఇచ్చట ఒక హెచ్చరిక చేయవలసియున్నది. ఇదియే ఈ ప్రసంగమునకు ముఖ్యము. మిగిలినది ఇచ్చుట దాసోహము కాదు. పనికిరానిదానిని వదిలించుకొని దానమని పేరు పెట్టుట శివుని మోసగించుటయే. రంగులు పొసగక, కుట్లు వంకరగా, ఎవరో పారవేసినదని చూడగనే తెలియు చొక్కాను బీదబిడ్డకు తొడిగినచో, బడిలో ఆ బిడ్డ తల వంచుకొనును. ఆ బిడ్డ సిగ్గు మన ఖాతాలో వ్రాయబడును. దాసోహమనగా నేను దాసుడనని అర్థము. దాసుడు యజమానికి ఎంగిలి పెట్టడు. కావున ముక్క ముక్కగానే ఇయ్యరాదు. మన శ్రమను చేర్చి నిండు వస్త్రముగా చేసి ఇయ్యవలెను. గుడ్డ మిగులు కావచ్చును, శ్రమ మిగులు కారాదు. పరీక్ష సులభము: బసవ జయంతినాడు ఈ చొక్కాను మన బిడ్డకే తొడుగుదుమా? తొడుగుదుమన్నచో ఇయ్యవచ్చును. సందేహించినచో కుట్టు విప్పి మరల కుట్టవలెను.

బసవేశ్వరుడు 12వ శతాబ్దమున కల్యాణములో చేసినది ఈ పనియే కదా! పడవ నడుపు చౌడయ్య, బట్టలుతుకు మాచయ్య, తాళ్లు పేను చందయ్య, చెప్పులు కుట్టు హరళయ్య – లోకము పీలికలని ప్రక్కకు నెట్టినవారిని తెచ్చి అనుభవ మండపమను ఒక్క వస్త్రముగా కుట్టెను. బ్రాహ్మణుడగు మధువరసు కూతురును హరళయ్య కుమారునకిచ్చి వివాహము జరిగినప్పుడు ఆ కుట్టు ఎంత బలమైనదో లోకము చూచినది. బిజ్జలుని రాజ్యము సహింపలేక ఆ తండ్రులిరువురిని చంపించినది. మనుష్యులను చంపగలిగినది గాని ఆ కుట్టును విప్పలేకపోయినది. ఎనిమిదివందల ఏండ్ల పిదప మనము ఇచ్చట కూడియుండుటయే దానికి సాక్ష్యము.

కొత్తవలస యను పేరే వలసవచ్చినవారు కొత్తగా నిలిపిన ఊరని చెప్పుచున్నది. కిరండూలు నుండి అరకు లోయ మీదుగా దిగివచ్చు రైలుమార్గము హౌరా మద్రాసు ప్రధాన మార్గమును ఇచ్చటనే కలియును. వేర్వేరు చోట్లనుండి వచ్చినవారు ఒకటై బ్రతుకుట ఈ నేలకు క్రొత్త కాదు. కావున ఈ విన్నపము మీకు బరువు కాదని నమ్ముచున్నాను.

ప్రతి మఠమునందును ఒక బుట్ట ఉంచుడు. మడత విప్పని రవికెల గుడ్డలను, శుభ్రమైన ముక్కలను దానిలో వేయుడు. కుట్టుమిషను గల బీద సోదరికి, ముఖ్యముగా పేరంటమునకు పిలువబడని సోదరికి, ఆ పని అప్పగింపుడు. ధర్మకార్యమని కూలి తగ్గింపక నిండు కూలి ఇయ్యుడు. ఆమెకు కాయకము, బిడ్డలకు బట్ట, మనకు దాసోహము సిద్ధించును. బుట్ట నిండినదా అని చూడవలదు. రానున్న బసవ జయంతినాడు మఠము ముంగిట ఆడుకొను పిల్లలలో ఎవరిది కొన్న చొక్కాయో, ఎవరిది అతికిన చొక్కాయో పోల్చుకొనలేకపోయినచో, మన పని నెరవేరినదని తెలిసికొనుడు.

శరణు శరణార్థి.