అందులోంచి దేవుణ్ణి తీసేస్తే ఏం మిగులుద్ది?



ప్రతి వారం వీడియోకి తోడుగా ఇక్కడ శ్లోకం, అర్థం, పూజాసామగ్రి రాస్తుంటాను కదా. ఈసారి అవేవీ లేవు. మన ఛానల్‌లోంచి ఒక పాత వీడియో తీసేశాను. ఎందుకు తీసేశానో మీకు చెప్పుకోవాలి. ఆ వీడియోలో తప్పేంటో నాకు తెలిసొచ్చింది ఒక క్రైస్తవ మిత్రుడి ఇంట్లో. కాబట్టి ఈ పోస్టులో సగం వాళ్ళ ఇంటి సంగతే ఉంటుంది. కాస్త ఓపిగ్గా చదవండి.

మాది నందిగామ. కాగితాల మీద 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా. మా పెద్దవాళ్ళకి మాత్రం ఇప్పటికీ కృష్ణా జిల్లా మెట్టే. మా పిన్ని వాళ్ళది జగ్గయ్యపేట పక్కన పల్లెటూరు. మిర్చి వేస్తారు. రెండేళ్ళు వరసగా దెబ్బతిని, పిన్ని గాజులూ గొలుసూ బ్యాంకులో కుదువ పెట్టారు. సరిగ్గా ఆ రోజుల్లోనే నేను "పదకొండు శుక్రవారాలు ఇలా దీపం పెడితే అప్పులు తీరిపోతాయి" అని వీడియో చేశాను. ఏ నూనె, ఎన్ని వత్తులు, ఏ దిక్కు, ఒక వారం తప్పితే ఏం చెయ్యాలి, అన్నీ వివరంగా చెప్పాను. అంతకుముందు ఏ వీడియోకీ రానన్ని వ్యూస్ దానికి వచ్చాయి. నేను పొంగిపోయాను.

పిన్ని కూడా చూసింది. "మావాడే చెప్పాడు" అని వీధంతా చెప్పుకుంది. బ్యాంకు నుంచి నోటీసు వస్తే, పదకొండు వారాలూ అయ్యాక చూద్దాంలే అని బీరువాలో పెట్టింది. వెళ్ళి మాట్లాడితే కాస్త గడువు దొరికేదేమో. ఆమె వెళ్ళలేదు. తొమ్మిదో వారంలో బంగారం వేలానికి పోయింది. విషయం తెలిసి నేను పరిగెత్తుకుంటూ వెళ్ళాను. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. "ఐదో వారం మైల వచ్చింది కదు నాన్నా, మధ్యలో ఆగిపోయింది. నేనే సరిగ్గా చెయ్యలేదు" అంది.

నన్ను తిట్టినా బాగుండేది.

ఆ రాత్రి జగ్గయ్యపేటలో నా హైస్కూలు స్నేహితుడి ఇంట్లో ఉండిపోయాను. వాడు ఆర్టీసీలో మెకానిక్. వాళ్ళ తాతగారు ఉపదేశి. అంటే, పాస్టరు గారు ఎప్పుడో ఒకసారి వచ్చే పల్లెల్లో, మిగతా రోజుల్లో ప్రార్థన నడిపించి, పిల్లలకి వాక్యం నేర్పే మనిషి. జరిగిందంతా చెప్తే వాడు కాసేపు ఊరుకుని, "మా అమ్మ సంగతి నీకు చెప్పలేదు కదరా" అన్నాడు.

వాళ్ళమ్మ గారు మోకాలి ఆపరేషన్ కోసం చీటీ కట్టి డబ్బు దాచుకుంది. టీవీలో ఒక ప్రసంగీకుడు, విత్తనంగా కానుక నాటితే నూరంతలై తిరిగొస్తుందని చెప్పాడు. ఆమె చీటీ డబ్బంతా పంపేసింది. ఏమీ తిరిగి రాలేదు. అప్పుడు ఆమె అన్న మాట ఏంటో తెలుసా? "నా విశ్వాసం చాల్లేదేమో." మా పిన్ని మాటే! మతం వేరు, గుడి వేరు, టీవీ వేరు, ఫోను వేరు. మోసపోయిన మనిషి చివరికి తననే నిందించుకోవడం మాత్రం ఒక్కటే.

"మా తాత ఉండుంటే ఆ డబ్బు పంపనిచ్చేవాడు కాదు" అన్నాడు వాడు. ఆదివారం గుడి నుంచి వచ్చాక, అన్నాల దగ్గర తాతగారు ప్రతివారం అదే ప్రశ్న వేసేవాడట: "ఇవాళ విన్న దాంట్లోంచి యేసుని తీసేస్తే ఏం మిగులుద్ది?"

ఆ ప్రశ్న పెట్టి ఆ విత్తనం ప్రసంగాన్ని చూడండి. యేసుని తీసేయండి. డబ్బు పంపు, ఎక్కువై తిరిగొస్తుంది. మొత్తం అలాగే ఉంది! ఒక్క ఇటుక కూడా కదల్లేదు. అంటే అక్కడ ఆయన గోడకి తగిలించిన పటం మాత్రమే. గోడకి ఆయనతో పనేమీ లేదు.

ఇది ఆ తాతగారి సొంత తెలివి మాత్రమే కాదు. క్రైస్తవ గ్రంథంలోనే ఈ తూకం ఉంది. అపొస్తలుల కార్యాల్లో బెరయ అనే ఊరి జనం, సాక్షాత్తూ పౌలు వచ్చి చెప్పినా సరే, అది నిజమేనా అని రోజూ లేఖనాలు తిరగేసి చూసుకున్నారు. అలా చూసుకున్నందుకు వాళ్ళని మెచ్చుకున్నారు కూడా. ఆ పౌలే గలతీయులకు రాసిన లేఖలో, తాను చెప్పినా, పరలోకం నుంచి దేవదూత దిగొచ్చి చెప్పినా, మొదట అందిన సువార్తకి వేరుగా ఉంటే ఒప్పుకోవద్దన్నాడు. చెప్పేవాడి పేరు, గొంతు, అతని వెనకున్న జనం ఇవేవీ కొలతలు కావు. వాళ్ళకి కొలత ఒక్కడే, క్రీస్తు.

నాకు వెంటనే ఒక అనుమానం వచ్చింది. మీకూ వచ్చే ఉంటుంది. ఆ టీవీ ప్రసంగీకుడు కూడా మాట మాటకీ యేసు పేరే తలుస్తాడు కదా? పేరుంటే మధ్యలో ఉన్నట్టే కదా?

అదే అడిగాను. వాడు, "పేరు కాదురా, ఆయన బతికిన తీరు చూడు" అన్నాడు. నేరస్థుడిలా శిలువ మీద చనిపోయినవాడు, శిష్యుల కాళ్ళు కడిగినవాడు మధ్యలో ఉన్నాడనుకో. అప్పుడు "దేవుడికి ఇష్టమైనవాడికి నష్టమే రాదు" అనే బోధ నిలబడగలదా? ఆ లెక్కన అందరికన్నా ముందు ఓడిపోయింది ఆయనే కదా!

ఈ తేడా ఎంత పెద్దదో ప్రపంచం ఒకసారి చూసింది. హిట్లర్ కాలంలో జర్మనీలో కొందరు క్రైస్తవులు క్రీస్తు పేరు చెబుతూనే జాతినీ, నాయకుణ్ణీ ఆయన పక్కన కూర్చోబెట్టారు. 1934 మే నెలాఖరున బార్మెన్ అనే పట్టణంలో మరికొందరు సమావేశమై, మేము వినాల్సిన దేవుని వాక్కు క్రీస్తు ఒక్కడే, ఆయనతో సమానంగా ఇంకే అధికారాన్నీ ఒప్పుకోం అని ప్రకటించారు. దాన్ని రాయడంలో ముఖ్యుడు కార్ల్ బార్త్ అనే వేదాంతి. రెండు పక్షాలూ పలికింది ఒకే పేరు. కానీ ఒక పక్షం క్రీస్తు ఎప్పుడూ వాళ్ళతో "సరే" అనేవాడు. రెండో పక్షం క్రీస్తు వాళ్ళని "కాదు" అనగలిగేవాడు. ఎప్పుడూ మనకి తల ఊపే దేవుడు మధ్యలో ఉన్నట్టు కాదు, మన జేబులో ఉన్నట్టు.

పొద్దున్నే ఇద్దరం ధనబోడు వైపు నడిచాం. జగ్గయ్యపేట బౌద్ధ స్తూపం ఉన్న దిబ్బ అదే. 1882లో జేమ్స్ బర్జెస్ అక్కడ తవ్వించాడు. అక్కడ దొరికిన శిల్పాల్లో పేరుపడ్డది మాంధాత చక్రవర్తి పలక. ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. రాజు చెయ్యెత్తి నిలబడితే మబ్బుల్లోంచి నాణేలు వానలా కురుస్తుంటాయి. ఆ పలకని ఫోన్‌లో చూస్తూ నేను, "ఇదిగో, నా వీడియో థంబ్‌నెయిల్" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. కానీ మాంధాత కథ ఆ వానతో అయిపోదు. ధనం చాలక స్వర్గానికి వెళ్తాడు. ఇంద్రుడి పక్కన సగం సింహాసనం ఇస్తే అదీ చాలక మొత్తం కావాలనుకుంటాడు. అక్కడి నుంచి కిందపడి చనిపోతాడు. నాణేల వాన కురిసినా కోరిక తీరదు అని చెప్పడానికే ఆ కథ. నాణేలు మాత్రం ఉంచుకుని నీతిని వదిలేస్తే అది బోధ కాదు, ప్రకటన.

వాడు ఇంకో మాట కూడా గుర్తు చేశాడు. మన మెట్టలోనే రాఘవాపురంలో పగోలు వెంకయ్య అనే మాల కులస్థుడు ఉండేవాడు. 1859లో బెజవాడలో డార్లింగ్ అనే మిషనరీని కలిసి క్రైస్తవుడయ్యాడు. దానికి చాలా కాలం ముందే, ఎవరో ఏంటో తెలియని దేవుణ్ణి, నువ్వెవరో నాకు కనిపించు అని ప్రార్థించేవాడని మిషన్ చరిత్రలు చెబుతాయి. ఆ ప్రార్థనలో పంట లేదు, డబ్బు లేదు. అడిగిందల్లా దేవుణ్ణే. మనం హిందువులుగా ఇక్కడ ఒక నిమిషం ఆగాలి. అంత తపన ఉన్న మనిషిని ఆ రోజుల్లో మన గుడి గడప దాటనివ్వలేదు. మన బోధలోంచి దేవుణ్ణి తీసేసి కులాన్ని ఉంచుకుంటే, అదీ మామూలుగానే నడిచిపోయింది. ఇది ఒప్పుకోవడానికి నాకూ బాధగానే ఉంది.

ఇప్పుడు నా వీడియో సంగతి. అందులోంచి లక్ష్మీదేవిని తీసేశాను. నూనె, వత్తులు, దిక్కు, పదకొండు, అప్పు. ఏమీ తగ్గలేదు. అమ్మవారి బదులు ఎవరి పేరు పెట్టినా ఆ వీడియో నడుస్తుంది.

అదే ప్రశ్న ప్రహ్లాదుడికి పెట్టి చూడండి. కృష్ణ ఒడ్డున మన వేదాద్రి నరసింహస్వామి దగ్గరికి వెళ్ళినప్పుడల్లా వినే కథే కదా. వరం కోరుకోమని స్వామి అంటే, భాగవతంలో ప్రహ్లాదుడు ఏమన్నాడో గుర్తుందా? ప్రతిఫలం కోసం కొలిచేవాడు సేవకుడు కాడు, వర్తకుడు అన్నాడు. ఇవ్వాలనే ఉంటే నా మనసులో కోరికే మొలవకుండా చెయ్యమన్నాడు. తర్వాత తనని హింసించిన తండ్రిని క్షమించమన్నాడు. ఈ కథలోంచి నారాయణుణ్ణి తీసేయండి. ఏమీ మిగలదు! అలా మిగలకపోవడమే ఆ బోధకి కొలత.

అయితే ఒక చిక్కుంది. "తూకంలో మోసం చెయ్యకు", "అమ్మని చూసుకో" అనే మాటలు దేవుడు లేకపోయినా నిలబడతాయి. మరి అవి చెడ్డ బోధలా? ఇదే వాళ్ళ తాతగారిని ఎవరో అడిగారట. "మంచి మాట మంచి మాటేరా. నీ మాటగా చెప్పు. ఆయన సంతకం మాత్రం పెట్టకు" అన్నాడట. నాకు అన్నిటికన్నా గట్టిగా తగిలింది ఇదే. దీపం పెడితే మనసు నిలకడగా ఉంటుందని నేను నా అనుభవంగా చెప్పుండొచ్చు. దేవి సంతకం ఫోర్జరీ చేసి, అప్పు తీరుతుందని హామీ ఇచ్చాను.

మతాలన్నీ ఒకటే అని నేను అనడం లేదు. నా మిత్రుడికి క్రీస్తు అనేకమందిలో ఒకడు కాదు. ఆయనే కొలత. నాకు శ్రుతి, గురువు, నా ఇష్టదైవం. ఈ తేడాని మా ఇద్దరిలో ఎవరమూ చెరిపెయ్యాలనుకోలేదు. వాళ్ళింటి నుంచి నేను తెచ్చుకుంది ఒక ప్రశ్న మాత్రమే.

ఆ మధ్యాహ్నమే పిన్ని దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. "తప్పు నీది కాదు పిన్నీ, నాది. ఆ హామీ అమ్మవారు ఇవ్వలేదు, నేనిచ్చాను" అన్నాను. బంగారం తిరిగి రాదు. నెలకి కొంత నేను ఇస్తానన్నాను. దానికేమీ అనలేదు. కాసేపయ్యాక, "అయితే దీపం మానెయ్యనా?" అని అడిగింది.

"మానకు. వారాలు లెక్కపెట్టకు" అన్నాను.

మెట్రోలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మన ఛానల్ వినే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీకొక్కటే మనవి. ఈసారి ఏ ప్రవచనం విన్నా, ముఖ్యంగా నాది విన్నా, అయిపోయాక తాతగారి ప్రశ్న ఒకసారి వేసుకోండి. ఏమీ తగ్గకుండా అంతా మిగిలిందనిపిస్తే, దాన్ని ఇంట్లో పెద్దవాళ్ళకి ఫార్వర్డ్ చెయ్యకండి.

వచ్చే శుక్రవారం ప్రహ్లాదుడి మీదే వీడియో. అందులో ఏ హామీలూ ఉండవు. శుభం.