గుండెకాయ ఎవరి వాటా?

ఒరేయ్ నాయనా,

"తాతయ్యా, మావాళ్ళు ఆదివారం అడవికి పోతున్నారు, పంది పడితే గుండెకాయ నీకే తెస్తా" అని నిన్న ఫోన్లో అన్నావే, ఆ మాటకు ముందు మురిసిపోయాను, తర్వాత నిద్ర పట్టలేదు. తప్పు నాదేలే. నీ చిన్నప్పుడు ఆ వేట కబుర్లన్నీ చెప్పింది నేనేగా. సగమే చెప్పాను, మిగతా సగం ఇప్పుడు విను.

సాగర్ కుడికాలువ నీళ్ళు ఇంకా మన పొలాలకు అందని రోజులవి. అంతా మెట్ట. జొన్న పాలుపోసుకుంటే చాలు, పందులు గుంపుగా దిగేవి. మా మేనమామ ఇంకో నలుగురితో కలిసి బల్లేలు, కుక్కలు పెట్టుకుని రాత్రంతా కాపు కాసేవాడు. పంది పడితే తెల్లారేసరికి వాగొడ్డున మోదుగాకులు పరిచి పోగులు పెట్టేవాళ్ళు. బల్లెం వేసినవాడికీ, కుక్కను పంపినవాడికీ ఒకటే పోగు. గుండెకాయ మాత్రం ఏ పోగులోనూ కలిసేది కాదు. జబ్బు పడి లేచినవాళ్ళెవరుంటే వాళ్ళకి పోవాలని మామ లెక్క.

ఓ ఏడాది ఆ జబ్బు మనిషిని నేనే. మామ దాన్ని నిలువునా చీల్చి, లోపల గడ్డకట్టిన నెత్తురు వేలితో తీసి, పైనున్న గొట్టాలు కోసేసి, ఉప్పూ కారం రాసి నిప్పుల మీద కాల్చాడు. కొవ్వు జాడ లేదు. పుట్టింది మొదలు ఆగకుండా కొట్టుకున్న కండ కదా, పంటి కింద సాగి, గట్టిగా తగిలింది.

ఆ తర్వాత 1972లో వన్యప్రాణుల చట్టం వచ్చింది. మాచర్ల అవతలి అడవి 1983 నుంచి పులుల రిజర్వు. అభయారణ్యంలో వేటాడితే మూడేళ్ళకు తగ్గకుండా, ఏడేళ్ళదాకా జైలు. మాంసం ఇంట్లో దొరికినా కేసే.

జైలు సంగతి అటుంచు. ఇప్పుడు బల్లెం పట్టేదెవడు? కరెంటు లైనుకు కొక్కెం తగిలించి చేను చుట్టూ తీగ లాగుతున్నారు. పంది ఏదో, రాత్రిపూట నీళ్ళు కట్టడానికొచ్చిన రైతు ఎవరో ఆ తీగకేం తెలుసు? మొక్కజొన్న పోయినవాడి కడుపుమంట నాకు తెలుసు, వాణ్ణి అటవీశాఖకు అర్జీ పెట్టుకోమను. నీకు చేనే లేదు కదరా!

మామకు తెలియని సంగతి ఇంకోటుంది. పంది కండలో, గుండెలో కూడా, బద్దెపురుగు తిత్తులు బియ్యపు గింజల్లా ఉండొచ్చట. నిప్పుల మీద సగం కాలిస్తే అవి చావవు. నా అదృష్టం బాగుండి బయటపడ్డాను.

అయినా పొట్టేలును కోసినా మనం వేట వేశామనే అంటాం, కొట్లో కొన్నదీ వేటమాంసమే. నీకింకా అడవెందుకు? కన్నప్ప కథ చెప్పేవాణ్ణి గుర్తుందా? అందులో నాకు తిన్నడి విల్లు గుర్తుండదు, ముక్క మెత్తగా ఉందో లేదో కొరికి చూసి శివుడికి పెట్టాడే, అదే గుర్తుంటుంది.

శనివారమే కొట్టువాడికి చెప్పిపెట్టు. మేక గుండెకాయ గుప్పెట్లో ఇమిడేంతే, ఒక మేకకు ఒకటే. ఆదివారం ఎనిమిది దాటితే నీకు దక్కదు. రెండు తీసుకో. చీల్చి నెత్తురు పోయేదాకా కడిగి, పసుపు, ఉప్పు వేసి మెత్తబడేదాకా కుక్కర్లో ఉంచు. తొందరపడి మధ్యలో దించావో, చెప్పుతోలే. ఆ నీళ్ళు పారబోయకు, ఇనుప మూకుట్లో అల్లం వెల్లుల్లి వేగాక ముక్కలతోపాటే పోసి ఇగరనియ్యి. కారం మనదే వెయ్యి, దించేముందు మిరియాలు దంచి చల్లు.

మీ నాయనమ్మ జొన్నరొట్టెలు చేస్తానంటోంది. యూరిక్ యాసిడ్ ఉందన్నాడు డాక్టరు, నాకు నాలుగు ముక్కలు చాలు. కాస్త చిన్నవి కొయ్యి, పై పళ్ళు రెండు కదులుతున్నాయి.