కూర్చొని చేసిన పరుగు



బరువులెత్తే యువకులకు మన బరంపురంలో ఉన్న గౌరవము మీకు తెలియనిది కాదు. ఆ పోటీలలో ముగ్గురు న్యాయనిర్ణేతలు కూర్చుంటారు. కనీసం ఇద్దరు తెల్లదీపము వేస్తేనే బరువు ఎత్తినట్లు లెక్క. మా ఇంట జరిగే వ్యాయామమునకు న్యాయనిర్ణేతలెవరూ లేరు.

సింగపూరులో ఉన్న మా పెద్దబ్బాయి సెలవులకు వచ్చినప్పుడు 'రింగ్ ఫిట్ అడ్వెంచర్' అనే ఆటను టీవీకి తగిలించి వెళ్ళాడు. నింటెండో వారు 2019లో తెచ్చిన ఆట అది. చేతిలో ఒక చక్రము, తొడకు కట్టే పట్టీలో చిన్న యంత్రము. ఉన్నచోటనే పరుగెత్తితే టీవీలోని బొమ్మ పరుగెత్తుతుంది, ఆట మనలను మెచ్చుకొంటుంది. మా దంపతులిద్దరికీ చక్కెర వ్యాధి. ఎండలో, స్కూటర్ల నడుమ నడవడము ఈ వయసులో మా వల్ల కాదు. ఇంట్లోనైతే చీర కుచ్చెళ్ళు ఎగదోపుకొని ఎగిరినా చూసి నవ్వేవారుండరు. ఇది చిన్న మేలు కాదు. (ఊరగాయ మానమని కూడా అది చెప్పదు!)

చిక్కు మనవడి వలన వచ్చింది. తొడపట్టీలోని యంత్రమును వాడు చేతబట్టి, మంచము మీద కూర్చొని ఊపాడు. బొమ్మ పరుగందుకొంది. "అమ్మమ్మా, చూడు, కూర్చొనే పరుగు!" అన్నాడు. నవ్వుకొన్నాము. మోకాళ్ళు నొప్పిపెట్టిన నాడు మేమూ అలాగే ఊపాము. ఆట మమ్మును కూడా మెచ్చుకొంది.

ఇందులో తప్పేమున్నది? ఎవరి సొమ్మూ పోలేదు గదా అనుకొన్నాము.

ఆదివారము ఆరాధన నుండి వచ్చేసరికి అబ్బాయి ఫోను. "అమ్మా, ఈ వారం ఎన్ని నిమిషాలు?" పెద్దవారికి వారానికి కనీసం 150 నిమిషాల శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన మాట వాడికి కంఠస్థము. "నూట అరవై, నాయనా" అన్నాము. "భలే!" అన్నాడు. వాడి గొంతు తేలికపడటము మాకు వినబడింది. ఆ నూట అరవైలో సగము మంచము మీదివే.

ఆ రాత్రి ఇద్దరికీ సరిగా నిద్ర పట్టలేదు. యంత్రమునకు మన గురించి దిగులు లేదు గనుక దానికి నష్టమూ లేదు. దూరాన ఉన్న బిడ్డకు మాత్రము మన మాట తప్ప వేరే ఆధారము లేదు. ఒకప్పుడు వాడు మార్కుల చీటీ మాకు చూపేవాడు, ఇప్పుడు మేము వాడికి చూపుతున్నాము. కూర్చొని చక్రము నొక్కినా చేతులకు వ్యాయామమే గదా, ఆ సంగతి చెప్పడానికి ఎందుకు సిగ్గుపడ్డామో ఇప్పటికీ తేల్చుకోలేకున్నాము. మూడు నెలల చక్కెర సగటు చెప్పే రక్తపరీక్ష వచ్చే నెలలో ఉన్నది. దానిని ఊపడానికి వీలు లేదు.

పోయిన ఆదివారము అబ్బాయి మళ్ళీ అడిగాడు. "డెబ్బై నిమిషాలు, నాయనా. అందులో నలభై కూర్చొనే" అన్నాము. వాడు కాసేపు మాట్లాడలేదు.

"మోకాలు ఎలా ఉందమ్మా?" అని అడిగాడు.