నాయకుని నేరం – మన నోటి సిఫారసు



ఎన్నికైన ఒక నాయకుడు ప్రజల సొమ్ము కాజేశాడని కేసు నమోదైందనుకోండి. ఆ సాయంత్రం మన ఇళ్లలో, టీ కొట్ల దగ్గర, నమాజు ముగిశాక మస్జిదు మెట్ల మీద జరిగే చర్చను ఒకసారి గమనించండి. సాక్ష్యం ఏముంది, డబ్బు ఎక్కడి నుంచి ఎక్కడికి పోయింది అని అడిగేవారు బహు తక్కువ. ఆయన మనవాడా, అవతలివాడా అన్నదే మొదటి ప్రశ్న. మనవాడైతే అది కక్షసాధింపు. అవతలివాడైతే విచారణ మొదలు కాకముందే అతను దొంగ. "తాను తింటే తిన్నాడు, మనకూ ఇంత పెట్టాడు కదా!" అని తీర్పు చెప్పేసేవారూ ఉన్నారు.

ఇవన్నీ పొద్దుపోక ఆడుకునే మాటలని మనం అనుకుంటాం. కాని విశ్వాసి నోటి నుంచి వెలువడే ప్రతి మాటకూ అల్లాహ్ వద్ద లెక్క ఉంది. మంచి పనికి సిఫారసు చేసినవారికి అందులో వాటా దక్కుతుందని, చెడు పనికి సిఫారసు చేసినవారు దాని భారంలో భాగస్థులవుతారని దివ్య ఖుర్ఆన్ తెలియజేస్తోంది (అన్ నిసా: 85). ఒక అధికారి దగ్గరకు వెళ్లి చెవిలో చెప్పేది మాత్రమే సిఫారసు కాదు. వేలమంది గుమిగూడి ఒక నాయకుణ్ణి వెనకేసుకు రావడం అంతకన్నా పెద్ద సిఫారసు. దాని ఒత్తిడి పోలీసు మీద, ప్రభుత్వం మీద, ఒక్కోసారి సాక్షుల మీద కూడా పడుతుంది.

ముస్లింలు అధిక సంఖ్యలో ఉన్న మలేషియాలో జరిగిన ఉదంతం ఈ విషయంలో మనకు గొప్ప గుణపాఠం. 2009లో అక్కడ దేశాభివృద్ధి పేరిట 'వన్ ఎండీబీ' అనే ప్రభుత్వ పెట్టుబడి నిధి ఏర్పడింది. ఆనాటి ప్రధాని నజీబ్ రజాక్ దాని సలహా మండలికి అధ్యక్షుడు. ఆ నిధి నుంచి 450 కోట్ల డాలర్లకు పైగా సొమ్ము దారి మళ్లిందని తర్వాత అమెరికా న్యాయశాఖ పేర్కొంది. 2015లో ప్రధాని సొంత ఖాతాల్లోకి దాదాపు 70 కోట్ల డాలర్లు చేరాయన్న వార్త బయటపడింది. అది సౌదీ రాజకుటుంబం ఇచ్చిన విరాళమని ఆయన చెప్పుకున్నారు. అదే సంవత్సరం అటార్నీ జనరల్‌ను పదవి నుంచి తప్పించారు. ఆయన స్థానంలో వచ్చిన వ్యక్తి 2016లో ప్రధాని తప్పేమీ లేదని ప్రకటించారు.

2018 మే నెలలో జరిగిన ఎన్నికల్లో ప్రజలు తమ తీర్పు చెప్పారు. 1957లో స్వాతంత్ర్యం వచ్చిన నాటి నుంచి పాలిస్తున్న కూటమి మొదటిసారి ఓడిపోయింది. జూలైలో నజీబ్ అరెస్టయ్యారు. న్యాయం కోరి ఓటేసిన ప్రజలే ఇక నిలకడగా ఉంటారని ఎవరైనా అనుకుంటారు. కాని 2019 ఆరంభం నాటికే ఆయన చుట్టూ జనం మళ్లీ మూగసాగారు. 'మాలు అపా బోస్కు' అనే నినాదం దేశమంతా మారుమోగింది. 'ఇందులో సిగ్గుపడాల్సిందేముంది, బాస్!' అని దాని భావం. యువకులు ఆ మాటను చొక్కాల మీద అచ్చు వేయించుకుని తిరిగారు.

కోర్టు మాత్రం ఆ కేకలకు చెవి ఒగ్గలేదు. వన్ ఎండీబీకి ఒకప్పుడు అనుబంధంగా ఉన్న ఎస్సార్సీ అనే సంస్థకు చెందిన 4 కోట్ల 20 లక్షల రింగిట్ల వ్యవహారంలో, 2020 జూలై 28న హైకోర్టు ఆయనను మొత్తం 7 అభియోగాల్లోనూ దోషిగా నిర్ధారించింది. 12 సంవత్సరాల జైలు, 21 కోట్ల రింగిట్ల జరిమానా విధించింది. విరాళం కథను కోర్టు నమ్మలేదు. 2022 ఆగస్టులో అక్కడి అత్యున్నత న్యాయస్థానం ఆ తీర్పును ఖరారు చేయడంతో ఆయన జైలుకు వెళ్లారు. 2024లో క్షమాభిక్ష మండలి శిక్షను సగానికి తగ్గించింది. 2025 డిసెంబరులో వన్ ఎండీబీ ప్రధాన కేసులోనూ ఆయనకు 15 సంవత్సరాల శిక్ష పడింది.

ఇంతకూ ఆ సొమ్ము ఎవరిది? ఆ ఎస్సార్సీ సంస్థ 400 కోట్ల రింగిట్లు అప్పు తెచ్చింది ప్రభుత్వోద్యోగుల పింఛను నిధి నుంచి. దానికి హామీ పడింది ప్రభుత్వం. అంటే టీచర్లు, గుమాస్తాలు, నర్సుల ముసలితనం కోసం ఉద్దేశించిన డబ్బు, పన్నులు కట్టే ప్రతి ఇంటి డబ్బు. "సిగ్గెందుకు" అని కేకలు వేసినవారి తల్లిదండ్రుల డబ్బు కూడా అందులో ఉండి ఉండవచ్చు!

సోదరులారా! సిగ్గు (హయా) విశ్వాసంలో ఒక శాఖ అని మహాప్రవక్త (స) బోధించారు. నేరం చేసినవాడు సిగ్గుపడకపోవడం ఒక వ్యాధి. అతని తరఫున సమాజం కూడా సిగ్గు వదులుకోవడం అంతకన్నా ముదిరిన వ్యాధి.

మనం నాయకుల కోసం వెతికే సాకులు కొత్తవేమీ కావు. వాటన్నిటికీ మన ధర్మం ఏనాడో సమాధానం చెప్పింది. 'అది కానుక' అన్న సాకునే తీసుకోండి. జకాత్ వసూలుకు వెళ్లిన ఇబ్నుల్ లుత్‌బియ్యా అనే వ్యక్తి తిరిగి వచ్చి, ఇది మీది, ఇది నాకు కానుకగా వచ్చింది అని రెండు భాగాలు చేశాడు. అప్పుడు దైవప్రవక్త (స) మింబరు ఎక్కి, అతను తన తల్లిదండ్రుల ఇంట్లోనే కూర్చుని ఉంటే ఆ కానుక వచ్చేదా అని అందరి ఎదుట నిలదీశారు. పదవిని చూసి వచ్చినది పదవిదే, మనిషిది కాదు.

'ఆయన చేసిన మేలు చూడండి' అన్నది రెండో సాకు. ఖైబర్ యుద్ధం నుంచి తిరిగి వస్తుండగా ఒక సేవకుడు బాణం తగిలి మరణించాడు. అతనికి స్వర్గం శుభప్రదమవుగాక అని ప్రజలు దీవించారు. దైవప్రవక్త (స) ఆ ప్రజాభిప్రాయాన్ని అంగీకరించలేదు. పంపకానికి ముందే సమరసొత్తు నుంచి అతను తీసుకున్న దుప్పటి అతని మీద అగ్నిగా మండుతోందని తెలిపారు. ఆ మాట విన్న ఒక వ్యక్తి తాను తీసుకున్న చెప్పుల పట్టీలను కూడా తెచ్చి అప్పగించేశాడు. ఒక దుప్పటికే అంత లెక్క ఉంటే, పింఛను నిధికి ఎంత లెక్క ఉండాలి!

ఇక అన్నిటికన్నా బలమైన సాకు, 'ఆయన మనవాడు'. బనూ ఉబైరిఖ్ వంశానికి చెందిన ఒకడు మదీనాలో ఆయుధాలు, కవచం దొంగిలించి, ఆ నింద ఒక యూదుని మీద పడేలా చేశాడని తఫ్సీర్ గ్రంథాలు చెబుతాయి. అతని బంధువర్గమంతా కూడి దైవప్రవక్త (స) వద్దకు వచ్చి తమవాడి తరఫున వాదించింది. అప్పుడు అన్ నిసా సూరాలోని ఆయతులు అవతరించి నిందపడిన ముస్లిమేతరుని నిర్దోషిత్వాన్ని వెల్లడించాయి. ద్రోహుల పక్షాన వాదించవద్దని హెచ్చరించాయి. ఇహలోకంలో మీరు వారి కోసం వాదిస్తున్నారు సరే, ప్రళయదినాన అల్లాహ్ ఎదుట వారి కోసం ఎవరు వాదిస్తారని ప్రశ్నించాయి (109). ఆనాడు పార్టీ ఉండదు, జెండా ఉండదు, వంశమూ ఉండదు.

అయితే దీనికి మరో పార్శ్వం ఉంది. ఒక జాతి పట్ల ఉన్న ద్వేషం మిమ్మల్ని అన్యాయానికి పురికొల్పరాదని ఖుర్ఆన్ ఆదేశిస్తోంది (అల్ మాయిదా: 8). కాబట్టి మనకు గిట్టని నాయకుడిపై ఆరోపణ వచ్చిన మరుక్షణమే దొంగ అని ముద్ర వేయడమూ అన్యాయమే. కేసులు పెట్టేవారిలో నిజంగా కక్ష ఉన్నవారూ ఉంటారు. అందుకే ఆధారాలు అడగాలి, ముద్దాయి తన వాదన వినిపించుకునే అవకాశం కావాలని కోరాలి, అప్పీలు ముగిసేదాకా ఓపిక పట్టాలి. కాని ఈ కొలబద్ద మనవాడికీ, అవతలివాడికీ ఒక్కటే కావాలి.

మన దేశంలో రెండేళ్లు లేక అంతకు మించి శిక్ష పడిన ప్రజాప్రతినిధి సభ్యత్వం వెంటనే పోతుందని 2013 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. చట్టం కుర్చీని తీసేయగలదు. అతణ్ణి జనం నెత్తిన పెట్టుకుంటే దింపడం చట్టం చేతిలో లేదు. అది మన చేతిలో, మన ఇంటి మాటల్లో ఉంది. మనం భోజనాల దగ్గర మాట్లాడుకునేది పిల్లలు వింటున్నారు. పక్కింటి అబ్బాయి కొట్టులో 100 రూపాయలు తీస్తే దొంగ, నాయకుడు కోట్లు తీస్తే దిట్ట అని వాళ్లు మన దగ్గరే నేర్చుకుంటే, రేపు వాళ్లను ఏ మదరసా సరిదిద్దగలదు? ఓటుకు నోటు పుచ్చుకున్న చేయి నాయకుడి లెక్క అడగడానికి లేవదన్న సంగతీ మరువకండి.

అల్లాహ్ మన నాలుకలను ద్రోహుల తరఫు వాదన నుంచి, నిరపరాధులపై నింద నుంచి కాపాడుగాక! అయినవారి విషయంలోనైనా, కానివారి విషయంలోనైనా న్యాయానికే సాక్షులుగా నిలిచే ధైర్యాన్ని మనకు ప్రసాదించుగాక! ఆమీన్.