కార్యప్రవాసం

ప్రభుత్వ నమూనా సర్వేలలో 'కుటుంబం' అనే మాటకు ఒక నిర్వచనం ఉంది. సాధారణంగా కలిసి నివసిస్తూ, ఒకే వంటింటి నుంచి భోజనం చేసే వ్యక్తుల సమూహం కుటుంబం. రక్తసంబంధం, వివాహబంధం, ఆస్తి అందులో ప్రధానం కావు; పొయ్యి ప్రధానం. తాత్కాలికంగా ఊరు వెళ్ళిన మనిషి కూడా, అతడు దూరంగా ఉండే కాలం ఆరు నెలలకు తక్కువైతే, ఆ పొయ్యికి చెందినవాడే. ఈ నిర్వచనాన్ని పట్టుకొని పదిహేడేళ్ళుగా నేను సింగ్‌భూమ్ ప్రాంతపు చిన్న పట్టణాలలో తిరుగుతున్నాను. ఘాట్‌శిల, ధల్‌భూమ్‌గఢ్, చాకులియా, బహరాగోడా, చాయిబాసా, చక్రధర్‌పూర్, మనోహర్‌పూర్ – వీటిలో నేను కాగితాలు పట్టుకొని నిలబడని వీధి తక్కువ. తాత్కాలికంగా ఊరు వెళ్ళిన ఆ మనిషి కోవలోకి నేనూ వస్తాను. నా పొయ్యి జంషెడ్‌పూర్‌లో, కద్మాలో ఉన్నది.

చిన్న పట్టణాలలో పగలు గడవడం కష్టం కాదు. పని ఉంటుంది, మనుషులు ఉంటారు. సాయంకాలమే వేరు. వారపు సంత ముగిసి, సాలాకు విస్తళ్ళు గాలికి దొర్లుతుంటాయి. మేకలను కొన్నవారు వాటిని తోలుకొని రైల్వే గేటు దాటుతారు. ఏడు గంటలకు దుకాణాల తలుపులు ఒక్కటొక్కటిగా దిగుతాయి. బస్టాండు పక్క హోటల్లో రొట్టె, బంగాళాదుంప కూర, మరమరాలు, శనగల ఘుగ్నీ దొరుకుతాయి. అన్నం కావాలంటే ముందే చెప్పి ఉండాలి. లాడ్జి గదిలో ఒక మంచం, ఒక కుర్చీ, కరెంటు ఉంటే ఒక పంకా. రాత్రి తొమ్మిదింటికి హావ్‌డా వైపు వెళ్ళే బండి కూత వినిపించిన తరువాత ఊరంతటికీ ఇక వినవలసినదంటూ ఏమీ మిగలదు. ఇంటి బెంగ ఆ వేళకే వస్తుంది. పగటిపూట ఎంత వెతికినా కనిపించదు.

ఈ బెంగకు మన ఆలంకారికులు సముచిత స్థానమే ఇచ్చారు. విప్రలంభ శృంగారంలో 'ప్రవాసం' ఒక భేదం. దానికి వారు చెప్పిన కారణాలు మూడు: కార్యం, శాపం, సంభ్రమం. పని మీద వెళ్ళడం, శాపం వల్ల దూరం కావడం, ఉపద్రవం వచ్చి విడిపోవడం. మన టూరు భత్యం బిల్లులన్నీ నిస్సందేహంగా మొదటి కోవలోనివి. అయితే కావ్యాలలో మకుటం ధరించినది కార్యప్రవాసం కాదు, శాపప్రవాసమే. 'మేఘసందేశం'లోని యక్షుడు కుబేరుని కొలువులో ఉద్యోగి. తన అధికారంలో ఏమరుపాటు చూపినందుకు ఏడాది పాటు రామగిరికి వెళ్ళగొట్టబడ్డాడు. విధి నిర్వహణలో లోపానికి శిక్ష ఎడబాటు. నేటి ఉద్యోగికి విధి నిర్వహణే ఎడబాటు. ఈ తేడాను కాళిదాసు చూసి ఉంటే ఏమనేవాడో!

యక్షుడు తన భార్యను ఎలా ఊహించుకున్నాడన్నది ఇక్కడ గమనించవలసిన విషయం. ఆమె చిక్కిపోయి ఉంటుంది. వీణ ఒడిలో పెట్టుకొని పాట మరచిపోతూ ఉంటుంది. గడప మీద పువ్వులు పేర్చి మిగిలిన నెలలు లెక్కపెడుతూ ఉంటుంది. రాత్రులు నిద్ర పట్టదు. ఇంత సుందరమైన వర్ణన మరొకటి లేదు, నిజమే. కాని చరిత్ర చదువుకున్నవాడి కంటితో చూస్తే ఇందులో ఒక విచిత్రం ఉంది. ఆమె దినమంతటిలో అతని ఎడబాటు తప్ప మరొక వ్యాపకం లేదు. అతడు ఆమెను తలచుకోవడం మాత్రమే కాదు, ఆమె తనను తలచుకొని కృశించాలని కూడా, తనకు తెలియకుండానే, కోరుతున్నాడు. ఆమె హాయిగా నిద్రపోతున్నదన్న వార్త మేఘం తెచ్చి ఉంటే యక్షుడు సంతోషించేవాడా? బెంగపడటంలో ప్రేమ ఎంత, హక్కు ఎంత అన్న ప్రశ్న ఇక్కడే తలెత్తుతుంది. దీనిని కేవలం రసచర్చగా వదలివేయడానికి వీలులేదు. ఇది నీతికి సంబంధించిన ప్రశ్న.

ఒకసారి చాకులియా నుంచి రాత్రి ఫోను చేసినప్పుడు నా శ్రీమతితో ఈ మాట ప్రస్తావనకు వచ్చింది. ఆమె ఎప్పటిలాగే ముందు "భోజనం చేశారా?" అని అడిగింది. ఆ తరువాత అత్తయ్యగారి మాత్రలు తెప్పించిన సంగతి, గ్యాసు బండ వచ్చిన సంగతి, అమ్మాయి లెక్కల పరీక్ష సంగతి వరుసగా చెప్పింది. "ఇక్కడ ఏమీ తోచడం లేదు, ఇల్లే గుర్తుకు వస్తున్నది" అన్నాను. ఆమె కొంచెం ఆగి ఇలా అన్నది: "మీకు తీరుబడి దొరికితే బెంగ వస్తుంది. నాకు బియ్యం కొలిచేటప్పుడు వస్తుంది. చేయి అలవాటుగా నాలుగో గ్లాసు తీస్తుంది, మళ్ళీ డబ్బాలో పోస్తాను." మరి కాసేపటికి నవ్వుతూ, "ఒక్క మాట మాత్రం నిజమండీ. మీరు లేని రోజుల్లో కాస్త ముందే పడుకుంటాను" అన్నది.

ఈ రెండు మాటలకూ పొంతన లేదని ఎవరైనా అనుకోవచ్చు. నేను అలా అనుకోను. నాలుగో గ్లాసు నిజం, తొందరగా వచ్చే నిద్రా నిజం. ప్రవాసి బెంగ కొత్త ఊళ్ళు, కొత్త చెట్లు, రైలు కూతల మధ్య పెరుగుతుంది. అందుకే అది సులభంగా కవిత్వమవుతుంది. ఇంట్లో ఉన్న మనిషి బెంగ పని మధ్యలో, చేతివేళ్ళ దగ్గర, ఒక్క క్షణం మెరిసి మళ్ళీ పనిలో కలిసిపోతుంది.

2019లో దేశమంతటా జరిగిన కాల వినియోగ సర్వే ఈ విషయాన్ని అంకెలలోకి తెచ్చింది. 1,38,799 కుటుంబాలలో, ఆరేళ్ళు నిండిన ప్రతి వ్యక్తినీ నిన్నటి తెల్లవారుజామున నాలుగు గంటల నుంచి నేటి తెల్లవారుజామున నాలుగు గంటల వరకు ఏం చేశారని అరగంట అరగంటగా అడిగారు. జీతంలేని ఇంటి పనిలో రోజూ పాలుపంచుకునే స్త్రీలు నూటికి 81 మంది, పురుషులు 26 మంది. పాలుపంచుకున్నవారు వెచ్చించిన కాలం సగటున స్త్రీలకు 299 నిమిషాలు, పురుషులకు 97 నిమిషాలు. ఈ 97 మగవారందరి సగటు కాదు. ఆ పనిలో చేయి పెట్టిన నాలుగోవంతు మంది సగటు మాత్రమే. పిల్లల, వృద్ధుల సంరక్షణ దీనికి అదనంగా మరొక పద్దు. ప్రశ్న అడగగానే చాలామంది ఇల్లాళ్ళు చెప్పే మొదటి జవాబు "ఏం చేస్తాను, ఇంట్లోనే ఉన్నాను" అన్నదే. అరగంట చొప్పున కాలాన్ని విప్పుతూ పోతే ఆ 'ఇంట్లోనే' అన్న మాటలో నుంచి నీళ్ళు, కట్టెలు, గిన్నెలు, పశువుల పాక, పిల్లవాడి జ్వరం ఒక్కటొక్కటిగా బయటికి వస్తాయి. ఒకే అరగంటలో రెండు మూడు పనులు ఇమిడి ఉంటే ఏది ప్రధానమో గుర్తించమంటుంది పత్రం. పొయ్యి మీద అన్నం, ఒడిలో బిడ్డ ఉన్న మనిషికి ఆ ప్రశ్న అర్థమయ్యేటట్లు చెప్పడం అంత తేలిక కాదు.

నేను నివసించే ఊరికి గంటలతో ఒక ప్రత్యేక సంబంధం ఉంది. 1907లో స్థాపితమైన టాటా ఇనుము ఉక్కు కంపెనీ 1912లో ఇక్కడ ఉక్కు తీయడం ప్రారంభించింది. అదే ఏడాది తన కార్మికులకు ఎనిమిది గంటల పనిదినాన్ని అమలుచేసింది. అప్పటికి మన దేశంలో ఏ చట్టమూ దానిని విధించలేదు. భారత కార్మిక చరిత్రలో అది గర్వించదగిన ఘట్టం. సాక్చీ అనే పల్లె 1919లో జంషెడ్‌పూర్ అయింది, కాళీమాటి స్టేషను టాటానగర్ అయింది. ఉత్తరాంధ్ర ప్రాంతం నుంచి, అంటే నాటి మద్రాసు రాజధానిలోని గంజాం, విశాఖపట్నం జిల్లాల పల్లెల నుంచి, తెలుగువారు ఖరగ్‌పూర్ మీదుగా రైలెక్కి ఈ కొలుముల దగ్గరకు వచ్చారు. కద్మాలోని ఆంధ్ర అసోసియేషన్, బిష్టుపూర్‌లోని రామమందిరం ఆ రాకకు నిలిచిన గుర్తులు.

మా పాత కుటుంబాలలో చెప్పుకునే కథలలో మొదట వచ్చినవాడు మగవాడు. అతడు బారకులలో ఉండి మనియార్డరు పంపేవాడు. ఆ కాగితం చివరి చిన్న జాగాలో ఇమిడే రెండు మాటలే ఏడాదిలోని ప్రణయసందేశమంతా. సర్వే నిర్వచనం ప్రకారం అతడు ఆ పల్లెలోని పొయ్యికి చెందనివాడు. ఆరు నెలలు ఎప్పుడో దాటిపోయాయి. పొలం, అత్తమామలు, అప్పులవాడు, ఆడబిడ్డ పెళ్ళి – వీటన్నిటినీ అక్కడ ఆమె మోసింది. అతని వలస వంశచరిత్రలోకి ఎక్కింది. ఆమె నిలకడ ఎక్కలేదు. తరువాత ఆమె కూడా వచ్చి కద్మాలో కాపురం పెట్టినప్పుడు ఎనిమిది గంటల పనిదినం ఆ ఇంటి గడప దాకానే వచ్చి ఆగిపోయింది. కొలిమి దగ్గర మూడు షిఫ్టులకు ముగ్గురు మనుషులు. ఇంట్లో మూడు షిఫ్టులకు అన్నం వండినది ఒక్కతే.

వాల్మీకి ఊర్మిళను గురించి దాదాపు ఏమీ చెప్పలేదు. ఆ వెలితిని మన తెలుగు స్త్రీలు తమ పాటలో పూరించుకున్నారు. 'ఊర్మిళాదేవి నిద్ర' పాటలో లక్ష్మణుడు అడవికి వెళ్ళిన నాటి నుంచి పద్నాలుగేళ్ళు ఆమె నిద్రపోతుంది. తిరిగి వచ్చిన భర్త లేపబోతే ఎవరో పరపురుషుడనుకొని గట్టిగా మందలిస్తుంది. పండితులు దీనిలో పాతివ్రత్య మహిమను చూశారు. నాకు మరొకటి కనిపిస్తుంది. తెల్లవారక ముందే లేచి అర్ధరాత్రికి నడుం వాల్చే స్త్రీలు, తమలో ఒకతెకు ఏ వరం ఇవ్వగలిగితే బాగుండునని ఆలోచించి, నిద్రను ఇచ్చారు. యక్షుని ఊహలో భార్యకు నిద్ర లేదు. స్త్రీల ఊహలో ఆమెకు కావలసినంత నిద్ర. ఎడబాటును గురించి ఈ రెండు సంప్రదాయాలలో ఒకదానినే మనం పాఠ్యపుస్తకాలకు ఎక్కించడం విచారకరం.

ఊర్మిళ కథలో లక్ష్మణుడు తిరిగి వస్తాడు. తిరిగి వచ్చే అవకాశమే లేని ఎడబాటు గుర్తొకటి ఘాట్‌శిలలో ఉంది. అక్కడికి పని మీద వెళ్ళినప్పుడల్లా వీలు చూసుకొని 'గౌరీకుంజ్' వైపు నడుస్తాను. బంగ్లా నవలాకారుడు విభూతిభూషణ్ బందోపాధ్యాయ నివసించిన ఇల్లు అది. 1950లో ఆయన ఆ ఊరిలోనే కన్నుమూశాడు. ఇంటికి పెట్టిన పేరు ఆయన మొదటి భార్యది. పెళ్ళయిన ఏడాదికే, 1918లో, గౌరి మరణించింది. ఇరవై రెండేళ్ళ తరువాత, 1940లో, ఆయన తిరిగి వివాహం చేసుకున్నాడు. వెళ్ళిపోయిన భార్య పేరు గోడ మీద నిలిచి ఉండగా ఇంటి లోపలి పనులు సాగించే రెండవ ఇల్లాలి మనసును గురించి వ్రాసినవారెవరైనా ఉన్నారా అని అక్కడ నిలబడినప్పుడల్లా అనిపిస్తుంది. జ్ఞాపకం గొప్పదే. దాని బరువు ఎవరి భుజం మీద పడుతున్నదో కూడా చూడాలి.

ఇంత మాత్రం చేత ఇంటిని తలచుకోవడమే తప్పని నేను అనను. బెంగ లేని ప్రవాసి మరీ భయంకరుడు. అతనికి ఇల్లు లాడ్జిలలో ఒకటి. నా వాదన ఇంతే: తలచుకుంటే ఆమె ముఖాన్నే కాక ఆమె గంటలను కూడా తలచుకోవాలి. రాత్రి తొమ్మిదింటికి 'ఆమె నన్ను తలచుకుంటున్నదా' అని కాక, 'ఆమె పని తెమిలిందా' అని తోచే బెంగకు ఇంటికి చేరిన తరువాత చేయడానికి కూడా ఏదో ఒకటి ఉంటుంది.

ఒక ఆదివారం కద్మాలో, ఎవరికీ పంపనవసరం లేని ఒక తెల్లకాగితం మీద గళ్ళు గీసి, నా శ్రీమతి దినచర్యను అరగంట చొప్పున వ్రాయబోయాను. ఆమె పప్పులో రాళ్ళు ఏరుతూ కూర్చున్నది. మా అమ్మాయి పక్కన చేరి వినోదం చూస్తున్నది.

"మొదటి గడి తెల్లవారుజామున నాలుగు గంటలు. అప్పుడు ఏం చేస్తుంటావు?" అని అడిగాను.

"ఏ రోజు సంగతి?" అన్నది ఆమె తల ఎత్తకుండా. "మామూలు రోజుల్లో అయిదింటికి గాని లేవను కదా. నాలుగింటికి లేచేది మీరు టూరు వెళ్ళే రోజున."