శబ్ద మొకచోట, దోష మొకచోట

కారణము లేక కార్యము లేదని మన పెద్దలు చెప్పిరి. కొండపై పొగ కనబడినచో అచట నిప్పున్నదని ఊహించుట తర్కశాస్త్రమున తొలిపాఠము. అయితే ఒకే కార్యమునకు పలు కారణములు ఉండదగినప్పుడు, వానిలో ఏది నిజమో నిర్ణయించుట కష్టము. ఆ నిర్ణయముపై ఒక మనుష్యుని బ్రతుకు ఆధారపడి యున్నప్పుడు, పరీక్షింపక తీర్పు చెప్పుటకు మనకు అధికారము కలదా? ఈ ప్రశ్న మాకు గ్రంథములలో గాక, ఒక మోటారు ఇంజనులో ఎదురైనది.

1988వ సంవత్సరమున మేము బరంపురమునందు ఒక కార్యాలయమున గుమాస్తాగా నుంటిమి. ఆ కార్యాలయమునకు ఒక అంబాసిడరు కారుండెడిది. తప్తపాణి ఘాటు దిగునపుడు దాని వెనుకనుండి తుపాకి ప్రేలినట్లు శబ్దము రాసాగెను. ఒకనాడు పై యధికారి ఉలికిపడి, కారణమును విచారింపుమని మమ్ము ఆదేశించెను. డ్రైవరు మన తెలుగువాడే, మాకంటె పదియేండ్లు పెద్ద. అతడు పెట్రోలు అమ్ముకొని కిరసనాయిలు కలుపుచున్నాడని ఎవరో గుసగుసలాడిరి. మేము దానిని నమ్మి, కారు మూతయైనను ఎత్తి చూడకయే, చక్కని దస్తూరితో నివేదిక వ్రాసి పంపితిమి. వారము తిరుగక మునుపే అతని పని పోయెను.

అతడు పోయినను శబ్దము పోలేదు. క్రొత్త డ్రైవరు కారును ఒక వృద్ధ మేస్త్రీ వద్దకు తీసికొనిపోగా మేమును వెంట వెళ్లితిమి. ఆయన పనిముట్టు చేతబట్టక మునుపు మూడు ప్రశ్నలడిగెను. శబ్దము ముందు కార్బురేటరులోనా, వెనుక సైలెన్సరులోనా? బండి ఎక్కునపుడా, దిగునపుడా? యాక్సిలరేటరు త్రొక్కినపుడా, వదలినపుడా?

ఆ ప్రశ్నలలో ఎంతో వివేకము కలదు. పెట్రోలు ఇంజనులో గాలియు పెట్రోలును కలిసి సిలిండరులో ప్రవేశించును. పిస్టను ఆ మిశ్రమమును అదుమగా, ప్లగ్గు నిప్పురవ్వ నిచ్చును. మండిన వాయువు సైలెన్సరు గుండ వెలికిపోవును. మంట సిలిండరులోనే, తగిన క్షణముననే జరుగవలెను. తూకమున రమారమి 15 పాళ్ల గాలికి 1 పాలు పెట్రోలు పొసగిన మిశ్రమము. పెట్రోలు తగ్గినచో మంట మెల్లగా సాగి, లోనికి గాలిని విడుచు వాల్వు మరల తెరచుకొను వరకు ఆరక, కార్బురేటరువైపు ఎగదన్నును. నిప్పురవ్వ వేళ తప్పినను, ఆ వాల్వు సరిగా మూతపడకున్నను, ప్లగ్గు తీగెలు తారుమారైనను ఫలమిదియే. అంబాసిడరులో సిలిండరులు 1, 3, 4, 2 అను వరుసలో మండవలెను. ఇక పెట్రోలు హెచ్చినను, ఒక ప్లగ్గు రవ్వ నీయకున్నను, మండక మిగిలినది సైలెన్సరులోనికి పోయి అచటి వేడికి ప్రేలును. ప్లగ్గు ఊడదీసి చూచినచో, తెల్లబారుట పెట్రోలు తక్కువకును, నల్లని మసి ఎక్కువకును, గోధుమవన్నె సరియైన పాలునకును గుర్తు.

మా కారు ప్లగ్గులు నాలుగును గోధుమవన్నెతోనే యుండెను. కిరసనాయిలు కలిసిన ఇంజను ఎక్కుడులో టకటక కొట్టును, పొగ విడుచును. అట్టి గుర్తేదియు లేదు. శబ్దము వెనుకవైపున, దిగునపుడు, కాలు వదలినపుడు మాత్రమే. మేస్త్రీ వంగి చూపగా, ఇంజనును సైలెన్సరు గొట్టమును కలియుచోట గాస్కెట్టు కాలిపోయి, ఆ సందున నల్లని చార కనబడెను. కాలు వదలినపుడు సరిగా మండక వచ్చిన పెట్రోలు ఆవిరితో, ఆ సందున చొరబడిన గాలి కలిసి ప్రేలుచుండెను. గాస్కెట్టు మార్చినంతనే శబ్దము నిలిచెను.

“మోత తోకలో వినిపిస్తుంది బాబూ, జబ్బు వేరేచోట ఉంటుంది. ముందు వినాలి, తర్వాత విప్పాలి” అని ఆయన పలికెను.

కార్యాలయమునకు మరలివచ్చి పాత కాగితములు వెదకితిమి. ఆ గాస్కెట్టు మార్పింపుడని ఆ డ్రైవరే ఆరునెలల క్రిందట వ్రాసికొనిన అర్జీ మా బల్లసొరుగులో దొరకెను. ఖర్చు అంచనా జతపరచలేదని దానిని ప్రక్కన నుంచినది మేమే. అప్పటికతడు ఊరు విడిచిపోయెను. అధికారికి నిజము తెలుపుటకు ఇంకను అవకాశముండెను. అయినను ముగిసిన సంగతి గదాయని ఊరకుంటిమి. పొరపాటు మొదటిది, పాపము రెండవది.

నేటి కార్లలో కార్బురేటరు లేదు. పెట్రోలు పాలును కంప్యూటరే నిర్ణయించి, లోపము కలిగినచో ఒక సంకేతమును చూపును. కాని మిశ్రమమున పెట్రోలు తగ్గినదని మాత్రమే అది చెప్పును. రబ్బరు గొట్టము చిరిగినదో, పంపు బలహీనమైనదో మనుష్యుడే వెదకవలెను. తొందరపాటు వారు ఆ సంగతి తెలిపిన సెన్సరునే ఊడబెరికి మార్చుదురు. అనగా సాక్షిని శిక్షించుట. లోపమును ముందుగా తెలిపిన డ్రైవరునకు మేము చేసినదియు అదియే.

మన కుటుంబములలోను ఇట్టిది జరుగుచుండును. పెండ్లిలో మనుమడు తెలుగు తడబడి పలికినచో బంధువులందరు నవ్వి, పిల్లవానిని గాని బడిని గాని నిందింతురు. భోజనమువేళ మనము వానితో ఏ భాషలో మాటాడితిమో ఎవరును అడుగరు.

అట్లయిన దోషులే లేరా, శిక్షయే కూడదా యని కొందరడుగవచ్చును. అది మా అభిప్రాయము కాదు. పెట్రోలు దొంగిలించువారును లోకమున కలరు. నిజము తేలిన పిదప శిక్షించుట న్యాయమే. కలము ఎత్తక మునుపు కారుమూత ఎత్తవలెననియే మా మనవి. కారణములను వెదకునపుడు మన సొరుగును గూడ ఒకమారు తెరచి చూడవలెను.