ధైవతం ఎవరికి జవాబుదారీ?

పాశ్చాత్యులు మేజర్ స్కేల్ అని వ్యవహరించే స్వరశ్రేణీ, మన మేళకర్తలలో 29వదైన ధీరశంకరాభరణమూ స్వరస్థానాల దృష్ట్యా ఒకటే. ముత్తుస్వామి దీక్షితులు (1775–1835) ఆంగ్లేయుల బాణీలకు సంస్కృత సాహిత్యం కూర్చి నొట్టుస్వరాలు రచించడానికి ఈ సామ్యమే వీలు కల్పించింది. అయితే స్వరాలు ఒకటైనంత మాత్రాన వాటి బాధ్యతలు ఒకటి కావు.

మన గాయకుని వెనుక తంబురా మోగుతూ ఉంటుంది. ప్రతి స్వరమూ ఆధారషడ్జమానికి జవాబు చెప్పుకొంటే చాలు. పాశ్చాత్య సంగీతంలో స్వరాలు, ఒకటి విడిచి ఒకటిగా, మూడేసి కలసి ఒకేసారి పలుకుతాయి. ఈ కూటమినే కార్డ్ అంటారు. స, మ, ప లపై ఏర్పడేవి మేజర్. రి, గ, ధ లపైవి మైనర్. నిషాదంపై కూటమి ఒక్కటే నిలకడ లేనిది.

చిక్కంతా ధైవతంతో వచ్చింది. షడ్జమం సెకనుకు 240 కంపనాలనుకుందాం. అప్పుడు రిషభం 270, మధ్యమం 320. మ–ధ–స కూటమి నిర్దుష్టంగా పలకాలంటే ధైవతం 400 కావాలి. రి–మ–ధ కూటమిలో రిషభంతో శుద్ధంగా పొసగాలంటే అదే ధైవతం 405 కావాలి. ఒకరి పట్ల సత్యంగా ఉంటే మరొకరి పట్ల అసత్యం తప్పదు. కంఠమైతే సందర్భాన్ని బట్టి సర్దుకుంటుంది. పియానో మెట్టు అలా సర్దుకోలేదు.

అందుకని స్థాయిని 12 సమభాగాలు చేశారు. ధైవతం సుమారు 403.6 దగ్గర స్థిరపడింది. అది ఇద్దరికీ పూర్తిగా చెందదు. పంచమానికి నష్టం అత్యల్పం. 300 వద్ద ఉండవలసిన గాంధారం మాత్రం 302.4కు జరిగింది. భాగాలు సమానమే గాని త్యాగం సమానం కాలేదు. ఒకే ఉత్తర్వును అన్ని జిల్లాలకూ వర్తింపజేసిన వారికి ఈ సంగతి కొత్త కాదు. ప్రతిఫలంగా, ఏ మెట్టును షడ్జమంగా గ్రహించినా వాద్యం ఒకే తీరున పలుకుతుంది.

దీనిని అసత్యమనాలా, సహజీవనానికి చెల్లించే సుంకమనాలా? నలుగురూ కలసి పలకవలసిన చోట దీనిని అసత్యమనడం అన్యాయమని నా అభిప్రాయం. కలసి పలకవలసిన అవసరమే లేని సంగీతానికి ఆ సుంకాన్ని విధించడం మాత్రం వేరే సంగతి. ఆలిండియా రేడియో 1940లో హార్మోనియంను నిషేధించినప్పుడు విమర్శకుల వాదన ఇంచుమించు ఇదే. రవీంద్రనాథ్ ఠాగూర్ సైతం ఆ వాద్యాన్ని వ్యతిరేకించారు. వారి చెవి తప్పు వినలేదు. కాని శ్రుతిభేదానికి శిక్ష పడింది వాద్యకారుని జీవికకు. 1971లో గాని ఆ నిషేధం సడలలేదు, అదీ పాక్షికంగానే.

రేడియోలో చోటు దక్కని ఆ పెట్టె మన పద్యనాటక రంగస్థలంపై ఏలిక అయింది. మైకు లేని రోజుల్లో చివరి వరుసదాకా శ్రుతిని మోసింది అదే. అది పలకలేని గమకాన్ని పద్యం చివర రాగం తీస్తూ నటుడు తన గొంతుతో పలికేవాడు. ప్రేక్షకులు ‘వన్స్‌మోర్’ కొట్టేవారు.